కొస కలిపిన గీత

పోయిన వారం మనం లోహితను తిరుపతి కొర్లగుంటలో జయచంద్ర ఇంటి ముందర, ఒక కాలి చెప్పు విప్పి, ఇంకో కాలి చెప్పు విప్పకుండా నిలబెట్టి వచ్చేసినాము. పాపం, వారం పొద్దులుగా ఆ పిల్ల మే నెల ఎండలో అట్లనే నిలబడి ఉంది. ముందు లోపలికి రానిద్దాం. కొత్తగా చదివేవాళ్లకు జరిగిన కథ కావాలంటారా, ఆమె ఆ రెండో చెప్పు విప్పేలోపల చెప్పేస్తాను.

లోహిత చంద్రగిరి పిల్ల. తిరుపతిలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో గిరిప్రసాద్ సారు కింద పనిచేస్తుంది. ఆ సారు ఒక బండి చేసినాడు. కాలేజీలో దాన్ని రోబో అంటారు, కొర్లగుంటలో మాత్రం అది బండే. మోకాలెత్తు ఉంటుంది, మూడు చక్రాలు, నెత్తిన ఒక పళ్లెం. ఎర్ర గచ్చు మీద తెల్ల గీత వేస్తే, ఆ గీత యాడికి పోతే అదీ ఆడికే పోతుంది. మంచం దిగలేని మనిషి ఉండే ఇళ్లు చూసి, గంజీ నీళ్లూ మాత్రలూ అందించేదానికి ఇచ్చినారు. ఆ ఇంటివాళ్లకు గీత వేసుకునేది, బండికి దావ కుదుర్చుకునేది నేర్పించడం లోహిత ఉద్యోగం.

జయచంద్ర కొండ మీదికి జీపు తోలేవాడు. ఘాట్ రోడ్డు మలుపులో జీపు బోల్తాపడి నడుము కిందంతా చచ్చుబడిపోయింది. పెళ్లాం రేవతి బస్టాండు పక్క లాడ్జిలో దుప్పట్లు ఉతికించే పని చూస్తుంది. తల్లి వరదమ్మ గోవిందరాజస్వామి గుడి ముందర పూలు అమ్ముతుంది. ఇద్దరూ బయటికి పోతే పగలంతా అతనొక్కడే. పక్క పోర్షన్ నిర్మలమ్మ మంచి మనిషి, మధ్యాహ్నం ఇంత గంజి కాచి ఇస్తానంటుంది. ఇస్తుంది గానీ, ఇంటామె లేనప్పుడు మొగమనిషి లుంగీతో పడుకోనుండే గదిలోకి పోదు. పొమ్మని అడిగేవాళ్లూ లేరు, అడిగితే బాగుండదు. ఆ చిక్కును బండి విడదీసింది. నిర్మలమ్మ వెనక వాకిట్లోంచి వంటింట్లోకి వచ్చి, బండి మీద గంజి గిన్నె, నీళ్ల చెంబు పెట్టి, పచ్చ బటన్ నొక్కి తన దారిన తాను పోయేది. బండి గడప దాటి, మంచం పక్కనే పోయి, అతని తలాపున నిలిచేది. మానానికి మానం, గంజికి గంజి.

అట్లాంటి బండి పోయిన శుక్రవారం నిలవాల్సిన తావున నిలవలేదు. సాయంత్రం రేవతి వచ్చి తలుపు తీసేటప్పటికి మొగుడు మంచం కింద నేలమీద ఉన్నాడు. పెదాలు పగిలిపోయి, మోచెయ్యి విరిగి, నోట మాట లేదు. బండి అదే గదిలో అవతలి గోడ పక్క చచ్చి నిలబడి ఉంది. గంజి గిన్నె మీద మూత తీసిందే లేదు.

తప్పెవరిదో తేల్చేదానికి మనుషులకు ఎంత తొందరో చూడండి. బ్యాటరీ అయిపోయింది, అందుకే దావ మధ్యలో నిలిచిపోయింది, రాత్రి ఛార్జింగు వైరు పెట్టాల్సింది రేవతి, కాబట్టి తప్పు రేవతిది. గిరిప్రసాద్ సారు కాలేజీలో కుర్చీలోనే కూచుని తేల్చేసినాడు. వరదమ్మ అంతకంటే ముందే ఆసుపత్రి వరండాలో నలుగురు వినేటట్టు తేల్చేసింది. ఇక ఈ పొద్దు వచ్చి బండిని తీసుకుపోతానన్నాడు సారు. బండి పోతే జయచంద్రను పగలు చూసేవాళ్లు లేరు. రేవతి పని మానుకుంటే ఇంట్లో పొయ్యి వెలగదు. అందుకని బంధువుల్లో పెద్దలు కూడి, చిత్తూరు దగ్గర కదల్లేనివాళ్లను పెట్టుకునే ఒక ఆశ్రమంలో మాట్లాడి పెట్టినారు. ఆ ఆశ్రమానికి పోయినవాళ్లు తిరిగి ఇల్లు చేరినట్టు ఎవరూ చెప్పుకోరు. మొగుణ్ణి ఆడ వదిలి రావడమా వద్దా అన్నది సారు ఈ పొద్దు బండిని తీసుకుపోతాడా, మనసు మార్చుకుని వదిలిపోతాడా అన్నదాని మీద ఉంది.

అదీ సంగతి. లోహిత రెండో చెప్పు విప్పింది, లోపలికి వచ్చింది.

ఆసుపత్రి నుంచి వాళ్లు తెల్లారే ఇల్లు చేరినారు. ఇన్నాళ్లూ తాళం పెట్టిన ఇల్లు గనుక ఉడుకు గాలి, మూసిన వాసన. వంటింట్లో రేవతి బియ్యం ఏరుతూ కూచుని ఉంది. ఏరేదానికి ఆ చాటలో ఒక్క రాయీ లేదు, ఊరికే చేతులు ఆడుతున్నాయి. లోహిత పక్కన కూచుని, అక్కా, ఆ రాత్రి వైరు పెట్టినావా లేదా, ఒక్కసారి బాగా తలుచుకో అని మెల్లగా అడిగింది.

"పెట్టినట్టే గురుతు పాపా. ఎర్ర లైటు కూడా చూసినట్టే గురుతు. అందరూ పెట్టలేదు పెట్టలేదు అంటావుంటే, ఇప్పుడు నాకూ పెట్టలేదనే అనిపిస్తా ఉండాది."

ఏడ్చి చెప్పి ఉంటే లోహిత ఓదార్చి ఉండేది. రేవతి ఏడవలేదు. కూరలో ఉప్పు తక్కువైందని చెప్పినట్టు చెప్పింది. లోహిత ఇంకేమీ అడగలేక లేచి ముందుగదిలోకి పోయింది.

జయచంద్ర కళ్లు మూసుకుని ఉన్నాడు, చేతికి పిండికట్టు. నిద్రో, నిద్ర నటనో. లోహిత చప్పుడు చెయ్యకుండా గడప దగ్గర మోకాళ్ల మీద కూచుంది. బండి ఎక్కి దిగేదానికి గడప మీద ఒక వాలు పలక వేయించి ఉంది. గడప కనబడకుండా పోయిందని వరదమ్మ ఆ పలకకే పసుపు పూసి కుంకుమ పెట్టేది. ఆ పలక చివర నుంచి మంచం తలాపు దాకా లోహిత తన చేత్తో తెల్ల టేపు అతికించి పోయింది. ఆ టేపు ఇప్పుడు లేదు. ఇల్లు తుడిచి తుడిచి లేచిపోయినట్టుంది. దాని తావున తడిపిండి గీత ఉంది. బియ్యం నానబెట్టి రుబ్బి, వేలి సందు నుంచి జార్చి వేసిన గీత. ఎండి గచ్చుకు పట్టుకుపోయింది. ఎంత నిండుగా ఉందంటే, తన టేపు దాని ముందర దిగదుడుపే అనుకుంది లోహిత. ఇన్నాళ్లూ మనుషులకు నేర్పిస్తూ తిరిగింది గానీ ఇంత చక్కని గీత ఎవరూ వెయ్యలేదు.

ఆ గీత వెంబడి వేలు పెట్టుకుంటూ మంచం తలాపు దాకా పోయింది. ఆడ గీత అయిపోవాలి. కాలేదు. గీత మంచం తల దాటి, ఒంపు తిరిగి, అవతలి గోడ పక్కగా నడిచి, మళ్లీ ఒంపు తిరిగి, పలక దిగే తావుకు వచ్చి తనలో తాను కలిసిపోయింది. యాడా తెగింది లేదు.

లోహిత వేలు ఆడనే ఆగిపోయింది.

బండికి కళ్లున్నాయా, మనిషి మొగం చూసి నిలిచేదానికి? దానికి తెలిసింది ఒకటే. గీత ఉన్నంతసేపూ పో, గీత తెగిన తావున నిలువు. తలాపున టేపు కత్తిరించినారు కాబట్టి బండి తలాపున నిలుస్తా ఉండింది. ఆ సంగతి సారుకు తెలుసు, లోహితకు తెలుసు. ఇంటివాళ్లకు చెప్పలేదు. వాళ్లకు ఎక్కువ చెప్పి బెదిరించొద్దు, గీత వెయ్యండి మిగతాది బండే చూసుకుంటుంది అని చెబితే చాలు అని సారు మొదట్లోనే చెప్పి పంపినాడు. లోహిత ప్రతి ఇంట్లో అదే పాట పాడింది. ఈ ఇంట్లోనైతే వరదమ్మ నోరు తెరిచి అడిగింది కూడా, నిలవాల్సిన తావు దానికెట్లా తెలుస్తాదని. దానికి తెలుస్తాదిలే అవ్వా అని లోహిత నవ్వింది.

గీతకు రెండు పక్కలా ఇంకొకటి కనబడింది. పసుపు. పలక కింద రాలిన పసుపు, ఆ పక్కన పోయిన ప్రతిసారీ చక్రాలకంటుకుని గచ్చు మీద పడిన జాడలు. ఒకసారి పోయిన జాడ కాదు. జాడ మీద జాడ, జాడ మీద జాడ, గది చుట్టూ ఉంగరం మాదిరి. బ్యాటరీ లేక నిలిచిన బండి కాదిది. బ్యాటరీ అయ్యేదాకా తిరిగిన బండి. రేవతి వైరు పెట్టింది.

తల ఎత్తేటప్పటికి జయచంద్ర కళ్లు తెరిచి తననే చూస్తున్నాడు. ఎప్పటినుంచి చూస్తున్నాడో.

"బండి వచ్చింది కదన్నా ఆ పొద్దు," అంది లోహిత.

"రాకేమి. వచ్చింది, పోయింది. మళ్లా వచ్చింది, మళ్లా పోయింది." అతని గొంతు ఇంకా గీరుకుపోయే ఉంది. "గంజి వాసన మొగం మీదికి వస్తావుంది. చెయ్యి చాపితే అందినట్టే అందతాది, అందేలోపల పోతాది. ఈసారి పట్టుకుందామని ఒళ్లు ముందుకు వేసినా. అంతే, కింద పడినా. కింద పడినాక కూడా వస్తానే ఉండింది మ్మా. చక్రం చెవి పక్కనే పోతాది, నీళ్ల చెంబు పైన కదలతాది. అరిచినా. నిర్మలమ్మ ఇంట్లో గ్రైండరు ఆడతావుంది, ఎవురికి వినపడతాది. లాస్టుకు మెల్లమెల్లగా తిరిగి, గోడ కాడ నిలిచిపాయె. అది నిలిచినప్పుడు నాకు ప్రాణం లేచొచ్చినట్టు ఉన్నింది."

మరి ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని లోహిత అడిగింది. రేవతక్కను అందరూ నోటికొచ్చినట్టు అంటూ ఉంటే, సొంత పెళ్లామే గదా, ఎట్లా వింటూ పడుకున్నావని కొంచెం కోపంగానే అడిగింది.

జయచంద్ర వంటింటి పక్క ఒకసారి చూసి గొంతు తగ్గించినాడు. "ఆ గీత మాయమ్మ వేసింది. ఆ పొద్దు గుడికి పోయేముందు నా కళ్ల ముందరే వేసింది, పాట పాడుకుంటా వేసింది. నా బిడ్డ ఎండి పడి ఉన్నింది నా చేతి గీత వల్ల అని తెలిస్తే ఆమె బతకదు మ్మా. రేవతి గట్టిది. ఓర్చుకుంటాది."

గట్టివాళ్ల మీదనే అందరూ బరువు పెడతారు, ఇది ఏ కాలంలోనైనా ఉన్నదే. లోహితకు అతణ్ణి నాలుగు మాటలు అనాలనిపించింది. పిండికట్టు చూసి అనలేకపోయింది. బ్యాటరీ తప్పంటే నిన్ను ఆశ్రమానికి పంపిస్తారు తెలుసా అని మాత్రం అంది.

"తెలుసు. నిజం చెబితే మాత్రం ఈ ఇంట్లో ఎవురు మిగలతారు? రేవతి మాయమ్మ మొగం చూస్తాదా ఇంక? నేను ఆశ్రమానికి పోతే ఇద్దరూ ఒక ఇంట్లో గంజి తాగతారు. నువ్వు నోరిప్పొద్దు. అది తుడిచెయ్, అంతే."

ఆ మాటలో న్యాయం లేదని లోహితకు తెలుసు. దారి కూడా ఇంకేదీ కనబడలేదు. నిజం చెబితే తల్లి పోతుంది, చెప్పకపోతే పెళ్లాం బతుకంతా నింద మోస్తుంది, రెండింట్లో ఏది చేసినా ఈ మనిషి ముందుకు ఒక గ్లాసు నీళ్లు వచ్చి నిలవవు. పోనీ తప్పు తనది అని ఒప్పుకుంటేనో? ఒప్పుకోవాలంటే గీత సంగతి చెప్పాలి, గీత సంగతి చెబితే గీసింది ఎవరని అడుగుతారు. ఎటు తిరిగినా ఆడికే వస్తుంది. చెంబులో నీళ్లు చున్నీ కొసకు పోసుకుని, కలిసిన తావున గచ్చు రుద్దడం మొదలుపెట్టింది. తడిపిండి కదా, ఎంత రుద్దినా బిన్నా వదల్లేదు.

"ఏంది పాపా అది, ముగ్గు తుడస్తాండావు?"

వరదమ్మ. ఖాళీ పూలబుట్ట చంకన పెట్టుకుని వాకిట్లో నిలబడి ఉంది. కొడుకు ఇల్లు చేరినాడని గుడి కాడ పూలు పక్కామెకు ఒప్పగించి వచ్చేసింది. బిడ్డ ఇల్లు చేరిన పొద్దే ముగ్గు చెరిపేది యాడైనా ఉండాదా, పీనుగ లేచిన ఇంట్లో చెరపతారు గానీ, అని బుట్ట దించి లోహిత చెయ్యి పట్టుకుని లేపింది. కోపంగా కాదు. తెలియని పిల్లకు చెప్పినట్టు చెప్పింది. మీ టేపు ఊరికే లేచిపోతా ఉండింది పాపా, అందుకే రుబ్బి వేసినా అంది. అంతటితో ఊరుకుని ఉంటే ఎంత బాగుండేదో.

"ఇంకో మాట. నువ్వు వేసిన గీత నా బిడ్డ తలకాడికి పోయి ఆడనే తెగిపోయి ఉన్నింది. అట్లా కొస వదిలిపెట్టకూడదు. తెరిచి పెట్టిన గీతలో రాకూడనిది నడిచి వస్తాది, మాయవ్వ చెప్పేది. ఎన్ని రాత్రులు దాన్ని చూసి నాకు నిద్ర పట్టలేదో. నేనే కొస కలిపి పెట్టినా." వంటింటి పక్క తిరిగి గొంతు పెంచింది. "నేను ఇంత కాపాడి పెడితే ఏం లాభం, వైరు పెట్టను చేతులు రాకపాయె కొందరికి."

వంటింట్లో చాట చప్పుడు ఆగింది.

అప్పుడే బయట జీపు ఆగింది. గిరిప్రసాద్ సారు లోపలికి వచ్చి, జయచంద్రను ఎట్లా ఉన్నావని అడిగి, జవాబు వినేంతవరకు ఆగకుండా బండి దగ్గరికి పోయినాడు. ఆయన చెడ్డవాడని నేను చెప్పను. బండి చేసిన చేతులు గదా, బండికి నింద వస్తే బిడ్డకు వచ్చినట్టు. కొత్త బ్యాటరీ తెచ్చినాడు. బండిలో లోపం లేదని మీ కళ్ల ముందరే చూపించి తీసుకుపోతాను, రేపు ఎవరూ మా కాలేజీని ఒక మాట అనకూడదు, అన్నాడు.

సార్, వద్దు, ఊరికే తీసుకుపోదాం అంది లోహిత. ఆయన విననే లేదు. బ్యాటరీ మార్చి, బండిని వంటింట్లో గీత మీద పెట్టి, రేవతినే ఒక చెంబు నీళ్లు పళ్లెంలో పెట్టమన్నాడు. రేవతి పెట్టింది. సారు పచ్చ బటన్ నొక్కినాడు.

బండి కదిలింది. పలక ఎక్కింది, దిగింది. చక్రాలకు కొంచెం పసుపు అంటుకుంది. లోహిత రుద్దిన తావున గీత మసకబారింది గానీ తెగలేదు. బండి ఆడ ఒక్క క్షణం తడబడి మళ్లీ గీత అందుకుంది. మంచం పక్కగా నెమ్మదిగా పోయింది. చూసినారా, ఎంత బాగా పోతోందో అన్నాడు సారు. తలాపు వచ్చింది. బండి నిలవలేదు. ఒంపు తిరిగింది, గోడ పక్కగా పోయింది, పలక దగ్గరికి వచ్చింది, మళ్లీ మంచం పక్కకు తిరిగింది.

సారు నవ్వు ఆగిపోయింది. నేల మీది గీతను మొదటినుంచి చివరిదాకా చూసినాడు, చివర లేదని చూసినాడు. ఆయనకు ఎవరూ చెప్పనక్కరలేదు. జయచంద్ర మొగం గోడ పక్కకు తిప్పుకున్నాడు. వంటింటి వాకిట్లో నిలబడిన రేవతి బండిని చూడలేదు, మొగుడు మొగం తిప్పుకోవడాన్ని చూసింది. ఆ మనిషికి ఇదంతా ముందే తెలుసునని ఆమెకు అప్పుడు అర్థమైంది.

"కరెంటు ఉండాది కదా సార్ దాంట్లో," అంది రేవతి. "మరి నిలవదేమి?"

బండి మళ్లీ తలాపు దగ్గరికి వస్తోంది. వరదమ్మ మంచం పక్కన చతికిలబడి చెయ్యి చాపింది. నిలువు నాయనా, నిలువు, అంది బండితో, ఆవుదూడకు చెప్పినట్టు. వేళ్లు పళ్లెం అంచుకు తగిలీ తగలకుండా బండి దాటిపోయింది. చాపిన చెయ్యి చాపినట్టే ఉండగా ఆమె నేలను చూసింది. పసుపు జాడలు చూసింది. తన గీత చూసింది. కొస కోసం చూసినట్టు వెతికి వెతికి చూసింది. తర్వాత కొడుకు పిండికట్టు చూసింది.

"జయా, ఆ పొద్దు ఇట్లనే తిరిగిందా నాయనా నీ చుట్టూ?"

కొడుకు గోడ పక్క నుంచి మొగం తిప్పలేదు. వరదమ్మ మెల్లగా లోహిత పక్క తిరిగింది. ఆ కళ్లలో ఇంకా కోపం లేదు, ఏడుపు లేదు. తెలుసుకోవాలనే ఉంది. లోహిత వెనక్కి ఒక అడుగు వేసింది, వెనక తలుపు చెక్క తగిలింది.

"మొదటి పొద్దే అడిగినాను నిన్ను, నువ్వు నవ్వినావు," అంది వరదమ్మ. "ఇప్పుడన్నా చెప్పు పాపా. యాడ నిలవాల్నో దానికెట్లా తెలుస్తాది?"

ఒకపక్క రేవతి చూస్తోంది. ఒకపక్క సారు, చెప్పొద్దన్నట్టు తల ఆడిస్తున్నాడు. మంచం మీద మనిషి ఇంకా గోడనే చూస్తున్నాడు. లోహిత నోరు తెరిచింది. నీళ్ల చెంబుతో బండి మళ్లీ వచ్చి, ఆ నలుగురి నడుమ నుంచి మెల్లగా పోయింది.